కరవానుకు వల తలుపు

నా రాతలో తప్పులుంటే మన్నించాలి. ఏ అక్షరానికి వత్తు ఉందో, దేనికి లేదో ఇప్పటికీ నాకు తడబాటే. చెయ్యి కూడా నెమ్మది, ఒక పేజీకి రెండు రోజులు పడుతోంది. అరవై రెండో ఏట మా తెలుగు సంఘం ఆదివారం బడిలో, ఏడేళ్ళ పిల్లల పక్కన కూర్చుని, ప్రేమిల టీచరు దగ్గర ఈ అక్షరాలు నేర్చుకున్నాను. మీకు బాగా తెలిసిన పని గురించి రాయండి అని ఆమె అన్నది. నాకు బాగా తెలిసింది తలుపులు చెయ్యడం. అందుకని ఒక తలుపు గురించి రాస్తున్నాను.

మా ఆయన రెంగసామి బంటింగ్‌లో వడ్రంగి. క్లాంగ్ బస్సులు ఆగే రోడ్డు నుంచి లోపలికి వస్తే మా మరిది సుప్పయ్య ఇల్లు, దాని వెనక మా గది, గదికి ఆనుకుని రేకుల షెడ్డు. స్థలమంతా మా మరిది పేరు మీద ఉంది. షెడ్డులో మా ఆయన తలుపులు, కిటికీలు, గుడికి కావలసిన పీటలు చేసేవాడు. పాతవాళ్ళలో ఆయన పేరు తెలియనివాళ్ళు లేరు.

పోవడానికి తొమ్మిదేళ్ళ ముందే ఆయన చేతులు వణకడం మొదలైంది. మొదట టీ కప్పు తొణికింది. తరవాత ఉలి జారి బొటనవేలు తెగింది. అప్పటిదాకా నేను చెక్క పట్టుకోవడం, చిత్రిక పట్టడం, రంగు వెయ్యడం వరకే చేసేదాన్ని. ఆ నెల మొదటిసారి రంపం నా చేతికిచ్చి, గీత మీదే చూడు, చేతిని చూడకు అన్నాడు. ఏడాది తిరిగేసరికి పని మొత్తం నాదైంది. ఆయన బయట కుర్చీలో కూర్చుని పని ఒప్పుకునేవాడు. నేను లోపల చేసేదాన్ని. ఎవరైనా లోపలికి వస్తే ఉలి కింద పెట్టి చీపురు పట్టుకునేదాన్ని. ఆ మాట ఆయన నాకు చెప్పలేదు, నేనే అలా చేశాను. ఆడది చేసిన తలుపంటే ఎవరు ఒప్పుకుంటారని ఇద్దరికీ భయం. ఆ అబద్ధంలో సగం నాది.

మిగతా సగం ఆయనది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళు "మీ చేతిపని మళ్ళీ రాదు" అంటే కళ్ళు మూసుకుని తలాడించాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. ఒక్క మాట చెప్పి పోయినా బాగుండేది. చెప్పలేదు.

ఆయన పోయాక రెండేళ్ళు షెడ్డులో చిన్నచిన్న పనులు చేసుకున్నాను. విరిగిన కుర్చీలు, ఇంట్లోవాళ్ళ అల్మారాలు. బయటి పని ఎవరూ తేలేదు, వడ్రంగి పోయాడు కదా. అప్పుడే మా మరిది మొదలుపెట్టాడు.

"వదినా, ఆ షెడ్డు ఖాళీ సేసీ. కుగన్‌కి సామాన్లు పెట్టుకోడానికి సోటు లేదు. నీకెందుకేటి అంత షెడ్డు? అన్న లేడు గదా."

"నాను పని సేస్తన్నాను గదా మరిదీ."

"ఏటి పని? కుర్చీ కాళ్ళకి మేకులు కొట్టడం పనేటి?"

కుగన్ అతని కొడుకు. నలభై దగ్గర పడుతున్న మనిషి. ఇంటి ముందు ఖాళీ స్థలంలో పాత లారీలకు, వ్యానులకు బాడీ పని చేస్తాడు. చిన్నప్పటి నుంచి షెడ్డులో తిరిగినవాడు. ఏ పని ఎవరిదో ఇంట్లోవాళ్ళందరికీ తెలుసు, వాడికి ఇంకా బాగా తెలుసు. ఆయన వణికే చేతిని నేను ఎలా దాచానో కూడా చూశాడు. నా వైపు మాట్లాడతాడంటే వాడే మాట్లాడాలి.

వాడే వచ్చాడు. వాడి దగ్గర ఒక కరవాను ఉంది. కరవాను అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లు. ఎప్పుడో తోట మేనేజరుగా ఉన్న తెల్లదొర వాడుకుని, బంగళా వెనక వదిలేసి పోయిన బండి. పామాయిలు చెట్ల మధ్య యాభై ఏళ్ళు పడి ఉన్నదాన్ని ఇపో పట్నం నుంచి సుమిత అనే ఆమె కొనుక్కుని, బాగు చెయ్యమని కుగన్‌కు ఇచ్చింది. మోరిబ్ సముద్రం ఒడ్డున పెట్టి, వచ్చిపోయేవాళ్ళకు అద్దెకిస్తుందట. అన్నీ పాత పద్ధతిలోనే ఉండాలంటుంది. రేకు తలుపు లోపల దోమలు రాకుండా చెక్క చట్రంతో వల తలుపు ఉండేది, అది చెదలు తినేసింది. మిగిలింది ఒక బందు, దానికి అంటుకుని జానెడు చెక్క.

"పెద్దమ్మా, నువ్వు సెయ్యి" అన్నాడు కుగన్. "ఇపోలో వాళ్ళ నాన్న ఇంటికి కిటికీలు మన షెడ్డు నుంచే పోయినాయంట. అలాంటి పనే కావాలంటోంది."

ఆ కిటికీలు నాకు గుర్తే. ఎనిమిదేళ్ళ కిందటివి. నేను చేసినవి.

"ఎవులు సేసినారని సెప్తావు?"

"బిగించిన రోజు అందరి ముందరా నానే సెప్తాను లా. మా పెద్దమ్మ సేసిందని. ఆ సుమితక్కకి తెలిసినోళ్ళ దగ్గర ఇలాంటి కరవాన్లు నాలుగైదు ఉన్నాయి. పని నీ పేరు మీద వస్తే నాన్న షెడ్డు మాటెత్తడు. నాను సూసుకుంటాను."

"ఒట్టేటి?"

"పెద్దమ్మా! నాకు ఒట్లేటి?"

నేను నమ్మాను. అంతకంటే తెలివైనదాన్ని కాదు.

కరవాను గుమ్మానికి మూలలు తిన్నగా ఉండవు. పైన రెండు మూలలూ గుండ్రంగా వంపు తిరిగి ఉంటాయి. అన్నేళ్ళు ఒక పక్కకు ఒరిగి ఉండటం వల్ల చట్రం కూడా మెలితిరిగింది. కింద వెడల్పు పైకంటే వేలెడు ఎక్కువ. టేపు పెట్టి కొలిస్తే అలాంటి గుమ్మం మోసం చేస్తుంది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె చింపి, లోపలి నుంచి గుమ్మానికి అదిమి పట్టి, అంచు వెంట పెన్సిలు తిప్పి అచ్చు తీశాను. తరవాత ఒక సన్నని కర్ర మీద ఎత్తు, వెడల్పు, అడ్డుచెక్కలు ఎక్కడ రావాలో కత్తితో గాట్లు పెట్టుకున్నాను. మా ఆయన నేర్పిన కర్ర అది. నాకు అంకెలు రాని రోజుల్లో నేర్పాడు. అంకెలు వచ్చాక కూడా నేను ఆ కర్రనే నమ్ముతాను.

చెక్క దగ్గర మా మరిదితో పేచీ వచ్చింది.

"చెంగల్ కర్ర ఎయ్యి వదినా. వందేళ్ళుంటాది."

"తలుపు వందేళ్ళుంటాది, ఆ బరువుకి బందులు నెలకి ఊడతాయి. అది బండి మరిదీ, ఊగుతాది. తేలిక సెక్క కావాల."

"అన్న అయితే చెంగల్ ఏసీవోడు."

"అన్న అయితే నీ మాట ఇనీవోడు కాదు."

లోపల్నుంచి కుగన్ పెళ్ళాం అంబిగ పకపకా నవ్వింది. తమిళం పిల్ల, తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడటం తక్కువ. మా మరిది మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు.

తేలికగా ఉండే ఎర్ర మెరంటి చెక్క తీసుకున్నాను. నాలుగు పలకలు చిత్రిక పట్టేసరికి షెడ్డంతా ఆ వాసన వచ్చింది. రెండేళ్ళ తరవాత పెద్ద పని అది. చేతులు మరిచిపోలేదు. నిలువు చెక్కలకు రంధ్రాలు తొలిచి, అడ్డు చెక్కలకు నాలుకలు తీసి, ఒకదాన్లో ఒకటి కూర్చాను. చేత్తో నెడితే సగం దాకా పోవాలి, మిగతా సగం చెక్క సుత్తితో పోవాలి. అంతకంటే వదులైతే బరువంతా జిగురే మొయ్యాలి, బిగువైతే చెక్క చీలుతుంది. పై మూలల వంపు కోసం చెక్క వంచలేదు. వెడల్పాటి ముక్కలోంచి వంపును కోసి తీశాను. ఈనె, అంటే చెక్కలో నార పారే దారి, అడ్డంగా వస్తే ఆ వంపు తలుపు కొట్టుకున్న మొదటిరోజే విరుగుతుంది. ఈనె ఏటవాలుగా వచ్చేలా మూడు ముక్కలు పారేశాక నాలుగోది కుదిరింది. రెండో మూలకు మళ్ళీ రెండు ముక్కలు పోయాయి.

నడుమ ఒక చిన్న జారుడు పలక పెట్టాను. లోపల కూర్చుని వల తలుపు వేసుకున్నాక బయటి రేకు తలుపు మూసుకోవాలంటే చెయ్యి పోవడానికి దారి ఉండాలి. పాత తలుపులో మిగిలిన జానెడు ముక్కలో ఆ గాడి అంచు కనిపించింది. దాన్ని బట్టి మిగతాది ఊహించుకున్నాను.

అంబిగ టీ తెచ్చి అది చూసింది. "అత్తా, ఇదేటి? తలుపుకి ఇంకో తలుపా?"

"సెయ్యి పెట్టడానికి."

"అడడా! దొరకి బయట చెయ్యి పెట్టడానికి కూడా తలుపు కావాలా? మనకి కిచెన్‌కే తలుపు లేదు." మావయ్యకు వినపడేలా అన్నది. తరవాత పలకను నాలుగుసార్లు జరిపి చూసి "వెన్నె మాదిరి పోతాది అత్తా" అన్నది. నన్ను మెచ్చుకున్న మనిషి ఆ ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే.

వల బిగించడం చివరి పని. ఎక్కువమంది వలను లాగి పట్టుకుని మేకులు కొడతారు. మా ఆయనా అంతే. ఒక పక్క ఆయన, ఒక పక్క నేను, పళ్ళు బిగించి లాగేవాళ్ళం. ఆరు నెలలకు అది పొట్టలా జారేది. మూడు కిటికీలు అలా తిరిగి వచ్చాక నేనొక పద్ధతి కనిపెట్టుకున్నాను. తలుపును బల్ల మీద పడుకోబెట్టి, పై కొస కిందా అడుగు కొస కిందా వేలెడు మందం చెక్కలు పెట్టి, నడుమును బల్లకేసి నొక్కి బిగిస్తాను. తలుపు కొంచెం పల్లంగా వంగుతుంది. అలా వంగి ఉన్నప్పుడే వలను పైనా కిందా కొట్టేస్తాను. నొక్కు తియ్యగానే తలుపు తిన్నగా అవుతుంది. వల తనంతట తాను బిగుసుకుంటుంది. వేలితో మీటితే డప్పులా మోగుతుంది. ఆ రోజు మోగింది. షెడ్డులో నేనొక్కదాన్నే ఉన్నాను. రెండుసార్లు మీటాను.

వల అంచుల మీద సన్నని చెక్క బద్దలు కొట్టి, మూడు పూతలు వార్నిష్ వేశాను. మొత్తం పద్దెనిమిది రోజులు పట్టింది. ముందు రోజు సాయంత్రం కుగన్‌ను పిలిచి చూపించాను.

"ఇదిగో, సుద్దతో గీత పెట్టినాను. బందులు ఈ పక్క. తలుపు బయటికే తెరవాల. లోపలికి తెరిస్తే గిన్నెలు కడిగే బల్లకి తగుల్తాది. తెల్సిందేటి?"

"తెల్సింది లా పెద్దమ్మా. ఎన్నిసార్లు సెప్తావు!"

తెల్లవారి శుక్రవారం. పది గంటలకు ముహూర్తం పెట్టారు. కరవాను బండా, ఇల్లా అన్నది మా మరిదికి తేలలేదు. అందుకని రెండు పూజలూ పెట్టాడు. బండి కనుక చక్రాల కింద నిమ్మకాయలు. ఇల్లు కనుక గుమ్మానికి పసుపు, బొట్టు, మామిడాకులు. సుమిత ఇపో నుంచి కారులో వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, మంచి చీర కట్టుకుంది, వచ్చీరాని తెలుగులో మర్యాదగా మాట్లాడింది. ఆమె వెనక ఫోటోలు తియ్యడానికి చుట్టాలమ్మాయి ఒకతె.

తలుపును నేనే షెడ్డు నుంచి మోసుకొచ్చి కరవానుకు ఆనించాను. చేతులు దులుపుకుంటుంటే మా మరిది దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"వదినా, నువ్వు అలగ లారీ ఎనక నిలబడు. గుమ్మానికి బొట్టు పెట్టినప్పుడు ఎదురుగా ఉండకు. తప్పుగా అనుకోకు."

"ఆ తలుపు నానే గదా సేసినాను మరిదీ."

"సెయ్యడం ఏరు, ఎదురుగా ఉండడం ఏరు. నీకు తెలీదేటి?"

నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు వేరేవాళ్ళ ఇళ్ళల్లో గుమ్మాలు పెట్టినప్పుడు మొగుడు పోయినవాళ్ళను అలాగే పక్కకు పంపేవాళ్ళు. నేనే ఒకసారి మా పక్కింటి వెంకమ్మక్కను "కొంచెం అవతలకి జరుగక్కా" అన్నాను. ఆమె జరిగింది. ఏమీ అనలేదు. ఇప్పుడు నేనూ ఏమీ అనకుండా లారీ వెనక్కు వెళ్ళి నిలబడ్డాను. ఎండ మండిపోతోంది. కుగన్ ఆ మాట చెప్పేటప్పుడు పిలుస్తాడు, అంతవరకే కదా అనుకున్నాను.

లారీ వెనక నుంచి ఏమీ కనపడదు. అన్నీ వినపడతాయి.

"నాన్నా, పెద్దమ్మ బయటికి తెరవాలని సెప్పింది."

"ఇల్లు రా ఇది! ఇంటి తలుపు బయటికి తెరుస్తారేటి? లచ్చిమి లోపలికి రావాల. బందులు తిప్పి ఎయ్యి."

"బయటి తలుపు బయటికే తెరుస్తాది గదా."

"అది దొర ఎట్టింది. మనం ఎట్టింది మన పద్దతి. ఎయ్యి, ముహూర్తం పోతంది."

నేను లారీని చేత్తో చరిచాను. "కుగన్! బయటికే!" అని అరిచాను. అప్పుడే ఎవరో టేపులో నాదస్వరం పెట్టారు. నా గొంతు నాకే వినపడలేదు. మరలు తిరుగుతున్న చప్పుడు తరవాత ఒక చెక్క ఇంకో చెక్కకు గుద్దుకున్న చప్పుడు. నాకు తెలిసిపోయింది, కింద మూల బల్లకు తగిలింది.

"తగుల్తోంది నాన్నా."

"ఆ మూల కొంచెం కొయ్యి. కొంచెమే గదా. రంపం ఇలగియ్యి."

రంపం మా ఆయనది. కోస్తున్న చప్పుడు వింటే ఎక్కడ కోస్తున్నారో చెప్పగలను. సన్నటి చప్పుడు వస్తే ఉత్త చెక్క. మధ్యలో బరువుగా ఆగి ఆగి పోతే, చెక్కలో ఇంకో చెక్క ఉందని అర్థం. ఆగి ఆగి పోయింది. కింది అతుకులో నాలుకను కోశాడు.

నేను వెళ్ళి ఆపలేదు. పది అడుగులు వేస్తే చాలు. అందరి ముందూ గుమ్మానికి ఎదురుపడాలి, సుమిత చేతిలో పసుపు పళ్ళెం ఉంటుంది, ఆమె పండగ పాడవుతుంది అని ఆగాను. అప్పుడు ఆగినందుకు ఇవాళ్టికీ నా మీద నాకు కోపం.

కొబ్బరికాయ కొట్టారు. చప్పట్లు కొట్టారు. తరవాత అంబిగ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "రా అత్తా, అయిపోయింది, పాయసం తీసుకో." నా మొహం చూడలేదు.

తలుపు గుమ్మంలో ఉంది. ఎండ వల మీద పడి మెరుస్తోంది. పై వంపులు గుమ్మం అంచుకు గోరు దూరంలో, రెండు పక్కలా ఒకేలా ఉన్నాయి. అంత బాగా నేను ఇంకే తలుపూ చెయ్యలేదు. కింద ఎడమ మూల మాత్రం ఎలుక కొరికినట్టు ఉంది. ఏటవాలు కోత, వార్నిష్ లేని తెల్ల చెక్క, తెగిన నాలుక బయటికి కనపడుతోంది. చేత్తో ముట్టుకుంటే కింది అడ్డు చెక్క ఊగింది.

సుమిత చిన్న పలకను జరిపి, మూసి, మళ్ళీ జరుపుతోంది. ఆమె కళ్ళలో నీళ్ళు. "ఎంత అందంగా ఉంది! మా నాన్న ఇంట్లో కిటికీలు కూడా ఇంతే. రెంగసామి అంకుల్ చెయ్యి అంటే చెయ్యే."

కుగన్ ఆమె పక్కనే ఉన్నాడు. నేను వాడిని చూశాను. వాడు కూడా నన్ను చూశాడు. చెప్పడానికి సమయం అదే.

"అవునక్కా" అన్నాడు వాడు. "పెదనాన్న ఆఖరి తలుపు ఇది. పోయే ముందు ఇలాంటి ఇంకో బండి కోసమని సేసి ఎట్టినాడు."

ఆ అమ్మాయి ఫోన్లో అదంతా తీస్తోంది. సుమిత కళ్ళు తుడుచుకుని వంగింది, కింద మూల కనిపించింది. "అయ్యో, ఇక్కడ ఎందుకు ఇలా ఉంది?"

మా మరిది దగ్గాడు. కుగన్ వెంటనే అందుకున్నాడు. "అది... పెదనాన్న పోయినాక గుమ్మానికి సరిపోలేదని పెద్దమ్మ కొంచెం కోసింది. ఆమెకి పని తెలీదు గదా అక్కా. నాను బాగు సేయిస్తాను."

నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "అమ్మా, ఆ తలుపు నాను సేసినాను. మొత్తం నాను సేసినాను. ఆ మూల ఒక్కటే నాది కాదు."

సుమిత వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. మెత్తటి చేతులు ఆమెవి. "ఆంటీ, నాకు అర్థమవుతుంది. అంకుల్ పక్కన మీరు కూడా కష్టపడి ఉంటారు."

"పక్కన కాదమ్మా. ఆయన సేతులు తొమ్మిదేళ్ళు వణికినాయి. మీ నాన్న ఇంటి కిటికీలు కూడా నావే. ఆ వల సూడండి, వేలితో మీటండి. తలుపుని వంచి ఎట్టి వల కొట్టినాను, అందుకే అలగ మోగుతాది. అది ఆయనకి తెలీదు." మూడు ముక్కల చెక్క పారేసిన సంగతి, ఈనె సంగతి, అట్ట అచ్చు సంగతి అన్నీ చెప్పాను. ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

ఆమె తలాడిస్తూ విన్నది. విన్నాక "అంకుల్ మీకు ఎంత బాగా వివరంగా చెప్పేవారో!" అన్నది.

నేను ఏ రుజువు చూపినా అది ఆయన ఖాతాలోకే పోయింది. పని గురించి ఎంత ఎక్కువ చెబితే, ఆయన అంత గొప్పవాడయ్యాడు.

"కుగన్, నువ్వు సెప్పు" అన్నాను.

వాడు కరవాను చక్రం కింద నలిగిన నిమ్మకాయను కాలితో పక్కకు తోశాడు. "పెద్దమ్మా, ఎండగా ఉంది. లోపలికెళ్ళి కూకో."

సుమిత అంబిగ వైపు తిరిగి తమిళంలో "పావం, ఇంకా ఆయన్ని మరిచిపోలేకపోతున్నారు" అన్నది. తమిళం నాకు రాదనుకుంది కాబోలు. అంబిగ పాయసం గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ రోజు కరవాను మోరిబ్ వెళ్ళిపోయింది. వారం తరవాత కుగన్ షెడ్డులోకి వచ్చాడు. నేను మూకుడులో జిగురు కాస్తున్నాను, ఎవరిదో విరిగిన స్టూలు కోసం. వాడు బల్ల మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, కోపమేటి?"

నేను జిగురు కలుపుతూ ఉన్నాను.

"సూడు. ఆమె అడిగింది పెదనాన్న తలుపు. నువ్వు సేసినావంటే ఒప్పుకునేదేటి? మొగుడు పోయినోళ్ళు సేసిన తలుపు కొత్త గుమ్మానికి ఎడతారేటి? నాను నీ కోసమే అలగ సెప్పినాను. పని వచ్చింది సూడు. ఇంకో రెండు తలుపులు. ఆమె సినేహితురాళ్ళకి కావాలంట. పెదనాన్న సేసి ఎట్టిన సెక్క ఇంకా ఉందని సెప్పినాను."

"సచ్చిపోయినోడు ఇంకా ఎన్ని తలుపులు సేస్తాడు కుగన్?"

వాడు నవ్వాడు. "ఏడెనిమిది సేస్తాడు లా. నువ్వుండగా."

"ఆ మూల నాను కోసినానని ఎందుకు సెప్పినావు?"

"నాన్న కోసినాడని ఆమె ముందర సెప్పమంటావేటి? నాన్నకి మర్యాద ఉండాల గదా."

జిగురు అడుగంటింది. మంట ఆపాను. "ఇటు సూడు. రెండు తలుపులూ సేస్తాను. పదైనా సేస్తాను. ఆ సుమితకి ఇప్పుడు ఫోను సెయ్యి. నా ముందర. మా పెద్దమ్మ సేసిందని ఒక్క మాట సెప్పు. సెప్తే సేస్తాను."

వాడు ఫోను చేతిలో తిప్పాడు. బయట వాళ్ళ నాన్న ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"ఇప్పుడెలా సెప్పను పెద్దమ్మా? అబద్దం సెప్పినానని అనుకోదేటి? నా పేరు పోతాది."

"నీ పేరు పోతాది" అన్నాను.

"నువ్వు సెయ్యకపోతే నాన్న షెడ్డు తీసేస్తాడు. నాను ఆపలేను."

"అయితే తీసుకోండి."

వాడి మొహంలో బాధ కోసం చూశాను. పెంచిన పిల్లాడు. ఆకలేస్తే నా గదికే వచ్చేవాడు. వాడు బల్ల దిగి ఊపిరి వదిలాడు, బరువు దించుకున్నట్టు. "సరే పెద్దమ్మా. నీ ఇష్టం" అన్నాడు. నీ ఇష్టం అనడం వాడికి ఎంత తేలికయిందో నేను మరిచిపోలేదు.

నెలాఖరుకు షెడ్డు ఖాళీ చేశాను. పనిముట్లు తీసుకెళ్ళనివ్వలేదు. అన్నయ్యవి కదా, ఇంటివే కదా అన్నాడు మా మరిది. నేను దెబ్బలాడలేదు. దెబ్బలాడితే మళ్ళీ అవి నావని రుజువు చెయ్యాలి. రుజువు చెయ్యడం నాకు అప్పటికే విసుగు పుట్టింది. ఇప్పుడు ఆ షెడ్డులో ఇళంగోవన్ అనే వడ్రంగి పని చేస్తున్నాడట. మంచివాడే అంటారు. ఆయన చేసే తలుపులు కూడా రెంగసామి తలుపులుగానే పోతున్నాయని అంబిగ ఫోన్లో చెప్పింది. అవి ఆరు నెలలకు వల జారుతున్నాయని కూడా చెప్పింది. వినగానే సంతోషం కలిగింది. ఆ సంతోషం మంచిది కాదని తెలుసు, అయినా కలిగింది.

షెడ్డుతో పాటు గది కూడా వదిలి వచ్చేశాను. ఇక్కడ నేనుండేది మా అక్క కూతురు ఇంట్లో, మూడో అంతస్తు ఫ్లాటులో. తలుపులన్నీ అల్యూమినియం. చెక్క పట్టుకుని పదకొండు నెలలైంది. పొద్దున మార్కెట్టుకు పోయి కూరలు తెస్తాను, మధ్యాహ్నం ఇది రాస్తాను. అరచేతిలో ఉలి పిడి ఒరుసుకుని గట్టిపడ్డ చర్మం మెత్తబడిపోయింది.

రాసింది మా అక్క కూతురు చదివించుకుని విన్నది. పోయినవాళ్ళ గురించి అలా రాయకూడదు పిన్నీ, బాబాయి పేరు తీసెయ్ అంటోంది. అచ్చు వేసేటప్పుడు సంఘంవాళ్ళు కూడా తియ్యమంటారేమో. తియ్యొద్దు. ఆయన చెడ్డవాడని నేను రాయలేదు. ముప్ఫై నాలుగేళ్ళు కాపురం చేశాను, ఆయన కోసం ఏడ్చాను. ఆయన నోరు విప్పలేదు, అంతే రాశాను. కుగన్ పేరు కూడా తియ్యొద్దు. వాడికి కోపం వస్తే రానివ్వండి.

నా పేరు పాపాయి. వయసు అరవై ఏడు. తెలుక్ ఇంటాన్‌లో ఉంటున్నాను.